రష్యన్ మాట్లాడేవాళ్లకి మరణశిక్ష మీద లీగల్ ఇంగ్లిష్ పాఠం: 'ఎగ్జిక్యూట్' దగ్గరే బండి ఆగిపోయింది, సాయం పట్టండి

టీచరమ్మ | సోమవారం, సాయంత్రం 6:20

అందరికీ నమస్కారం. ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప రాసింది తక్కువ. హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) రష్యన్ చదివాను. ఇప్పుడు సాయంత్రాలు ఆన్‌లైన్‌లో రష్యన్ మాట్లాడేవాళ్లకి ఇంగ్లిష్ చెబుతున్నాను. ఈ బ్యాచ్‌లో ముగ్గురే. ముగ్గురూ లా చదివినవాళ్లు. అబ్బాయిది మాస్కో, ఒకమ్మాయిది కజకిస్తాన్‌లోని అల్మాటీ, ఇంకొకావిడది బెలారుస్‌లోని మిన్స్క్. ఆవిడ నాకంటే పెద్ద.

వచ్చే పాఠం మరణశిక్ష. ఈ విషయమంటే వాళ్లకి స్కూలు రోజుల నుంచీ విసుగే. అక్కడ 'తోపిక్' అని ఒక ఆనవాయితీ ఉంది. ఏదో ఒక విషయం మీద పేజీడు ఇంగ్లిష్ వ్యాసం బట్టీ పట్టి అప్పజెప్పాలి. మన ఆవు వ్యాసం లాంటిదే. అందుకని మరణశిక్ష ఉండాలా వద్దా అని అడిగితే ముగ్గురూ కళ్లు మూసుకుని అటు నాలుగు, ఇటు నాలుగు పాయింట్లు చెప్పేస్తారు. అసలు కోర్టు కాగితం చేతికిస్తే మొదటి పేరాలోనే బోల్తా.

మొన్న ఒక వీలునామా గురించి చిన్న పేరా ఇచ్చాను. 'ద విల్ వాజ్ ఎగ్జిక్యూటెడ్ ఇన్ ద ప్రెజెన్స్ ఆఫ్ టూ విట్నెసెస్' అని ఉంది, అంటే ఇద్దరు సాక్షుల ఎదుట వీలునామా మీద సంతకం పెట్టారని. మాస్కో అబ్బాయి కాసేపు స్క్రీన్ వంక చూసి, 'విల్ అంటే విలియమ్ ముద్దుపేరు కదండీ, పాపం ఏం నేరం చేశాడు?' అన్నాడు.

నవ్వుకున్నాం. కానీ ఎగ్జిక్యూటర్‌కీ (వీలునామా అమలు చేసేవాడు) ఎగ్జిక్యూషనర్‌కీ (తలారి) తేడా చెప్పేసరికి గంట గడిచిపోయింది. మాటల పట్టిక ఇచ్చి వల్లె వేయించడం నాకిష్టం లేదు. ఏ వరసలో చెబితే బుర్రకెక్కుతుంది? కోర్టు పని తెలిసినవాళ్లు, రష్యన్ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

తెనాలి_ప్లీడరు | సోమవారం, రాత్రి 8:05

అమ్మా, ఆ అబ్బాయిని ఏమీ అనకండి. మా దగ్గరికి కొత్తగా వచ్చే జూనియర్లదీ ఇదే తంటా. ఎగ్జిక్యూషన్ అనగానే ఉరికొయ్య కనిపిస్తుంది వాళ్లకి. మా మున్సిఫ్ కోర్టులో ఎగ్జిక్యూషన్ అంటే ఈపీ. దావా గెలిచి డిక్రీ చేతికొచ్చాక, ఆ డిక్రీ అమలు చేయించుకోడానికి వేసే పిటిషన్. తాత దావా వేస్తే, కొడుకు డిక్రీ తెచ్చుకుంటే, మనవడు ఈపీ నడుపుతాడని మా వైపు సామెతలా చెప్పుకుంటాం. రిజిస్ట్రారాఫీసుకెళ్తే ఎగ్జిక్యూటెంట్ అంటే దస్తావేజు రాసి ఇచ్చినాయన. ఎవరి ప్రాణమూ పోదు, పొలం పోతుందంతే.

మన తెలుగులో దీనికి 'అమలు' అని చక్కటి మాట ఉంది. డిక్రీ అమలు, శిక్ష అమలు, ఎన్నికల హామీల అమలు. మనిషిని మాత్రం అమలు చేయం, ఉరి తీస్తాం. ఇంగ్లిష్‌వాడు శిక్షనీ ఎగ్జిక్యూట్ చేస్తాడు, శిక్ష పడ్డవాణ్నీ ఎగ్జిక్యూట్ చేస్తాడు. తేడా అంతా అక్కడే. ముందు 'అమలు' అర్థం చెప్పి, తర్వాత మనిషి దగ్గరికి రండి. మీరు వెనక నుంచి ముందుకు వచ్చినట్టున్నారు.

పాత_అనువాదకుడు | సోమవారం, రాత్రి 9:40

ప్లీడరు గారు సరిగ్గా పట్టుకున్నారు. నేను విజయవాడ విశాలాంధ్ర బుక్‌హౌస్‌లో మాస్కో ప్రగతి ప్రచురణాలయం పుస్తకాలు కొనుక్కుని, ఆ పిచ్చిలోనే రష్యన్ నేర్చుకున్న తరం వాణ్ని. తర్వాత ముప్పై ఏళ్లు కాగితాల అనువాదంతోనే బతికాను.

రష్యన్‌లో ఈ రెండూ వేరువేరు మాటలు. మనిషి ప్రాణం తీసే శిక్ష 'కాజ్న్'. ఒక ఉత్తర్వును అమలు చేయడం 'ఇస్పల్నేనియె'. అంటే రష్యన్ కూడా ఈ విషయంలో మన తెలుగు వైపే ఉంది, ఇంగ్లిష్ వైపు లేదు. మీ శిష్యుడికి తెలుగు వస్తే గంట పట్టేది కాదు!

ఇంకో తమాషా. శిక్షలు ఎలా అమలు చేయాలో చెప్పే చట్టం రష్యాలో విడిగా ఉంది. ఆ పేరును మాటకి మాట ఇంగ్లిష్‌లో పెడితే 'క్రిమినల్ ఎగ్జిక్యూటివ్ కోడ్' అవుతుంది. చదివినవాడు ఇదేదో నేరాలు చేసే కంపెనీ ఎగ్జిక్యూటివ్‌ల నియమావళి అనుకుంటాడు. అనువాదాల్లో ఆ పేరు ఇప్పటికీ అలాగే తిరుగుతోంది. 'పీనల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ కోడ్' అనాలి.

ఆ చట్టంలోని 186వ అధికరణం మీ పాఠానికి పనికొస్తుంది. మరణశిక్షను బహిరంగంగా కాకుండా 'రస్త్రేల్' పద్ధతిలో అమలు చేస్తారని అందులో ఉంది. రస్త్రేల్ అంటే కాల్చి చంపడం. నిఘంటువు చూసి అందరూ 'ఫైరింగ్ స్క్వాడ్' అని రాసేస్తారు. సోవియట్ కాలంలో మామూలుగా జరిగింది అది కాదు. జైల్లో, మూసిన గదిలో, ఒక్కడు తల వెనక నుంచి కాల్చేవాడు. స్క్వాడ్ లేదు, గోడ లేదు, కళ్లకి గంతలు కట్టి నిలబెట్టడం లేదు. అందుకని 'ఎగ్జిక్యూటెడ్ బై షూటింగ్' అని రాయించండి. ఉత్త 'హి వాజ్ షాట్' అంటే వీధిలో తూటా తగిలినట్టు కూడా ఉంటుంది.

డల్లాస్_సుబ్బు | సోమవారం, రాత్రి 11:58

ఇది నాకు కొత్త విషయం సార్. నిజం స్క్వాడ్ చూడాలంటే మా అమెరికాలోనే ఉంది. 2010లో యూటాలో ఒకరిని అలా చంపినప్పుడు కాల్చినవాళ్లు ఐదుగురు. 2025 మార్చిలో సౌత్ కెరొలైనాలో మళ్లీ జరిగింది. మా టెక్సస్‌ది ఇంజెక్షన్ పద్ధతి. లోకంలో ఇంజెక్షన్‌తో మొదటి మరణశిక్ష జరిగింది మా హంట్స్‌విల్ జైల్లోనే, 1982 డిసెంబర్‌లో. గొప్పగా చెప్పుకునే విషయం కాదనుకోండి.

టీచరమ్మగారూ, 'డెత్ రో' అన్న మాట కూడా చెప్పండి. మరణశిక్ష పడ్డవాళ్లని ఉంచే గదుల వరస అది.

టీచరమ్మ | మంగళవారం, ఉదయం 7:15

సుబ్బు గారూ, డెత్ రో దగ్గర ఇంకో ముడి ఉంది. అక్కడుండే ఖైదీని రష్యన్‌లో 'స్మేర్త్‌నిక్' అంటారు. అదే మాట ఆత్మాహుతి బాంబర్‌కీ వాడతారు. రెండింటినీ కలిపేస్తే జైలు కథ కాస్తా ఉగ్రవాదుల కథ అయిపోతుంది.

కరీంనగర్_పోరడు | మంగళవారం, ఉదయం 9:30

నాకొక డౌట్ అన్నా. క్యాపిటల్ అంటే రాజధాని గదా. గట్లయితే క్యాపిటల్ పనిష్‌మెంట్ అంటే ఆంధ్రోళ్లకు పదేండ్ల సంది పడుతున్నదేనా 😄

తెనాలి_ప్లీడరు | మంగళవారం, ఉదయం 9:52

పడ్డవాళ్లం మేం, నవ్వేది మీరు. కానివ్వండి తమ్ముడూ.

లాటిన్‌లో 'కాపుత్' అంటే తల. తల పోయే శిక్ష గనక క్యాపిటల్. రాజధానీ, మూలధనం కూడా ఆ తల నుంచి వచ్చినవే.

ఓష్_డాక్టరు | మంగళవారం, మధ్యాహ్నం 1:10

నేను కిర్గిజ్‌స్తాన్‌లోని ఓష్‌లో ఎంబీబీఎస్ చేశాను. మాకు రష్యన్ వచ్చిందే బజారులో, హాస్టల్‌లో. మా హాస్టల్ స్నానాల గదుల తలుపు మీద ఒకరోజు 'కపితాల్నీ రెమోంత్' అని కాగితం అంటించారు. మా రూమ్మేటు చదివి, 'క్యాపిటల్ పనిష్‌మెంట్ లాగుంది రా, ఏంటిది' అన్నాడు. నిజంగానే శిక్ష. చలికాలమంతా బకెట్ నీళ్లు.

విషయం ఏంటంటే, రష్యన్‌లో 'కపితాల్నీ' అంటే గట్టి, సమగ్రమైన అని. రెమోంత్ అంటే రిపేరు. అంటే పునాది నుంచి చేసే రిపేరు. కాబట్టి క్యాపిటల్ పనిష్‌మెంట్ అని వినగానే రష్యన్ చెవికి 'గట్టిగా చేసిన శిక్ష' అని తోస్తుంది. మా మాస్టారు ఒకాయన దాని మీద జోక్ కూడా వేసేవారు. వాళ్ల సొంత మాట 'స్మేర్త్‌నయ కాజ్న్'. వాడుకలో అయితే 'వీష్షయ మేర', అంటే అన్నిటికన్నా పై చర్య. దాన్నే కుదించి 'వీష్క' అంటారు.

టీచరమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 1:34

వీష్క అంటే కాపలా బురుజు కూడా. మాస్కోలో హయ్యర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పిల్లలు తమ యూనివర్సిటీనీ ముద్దుగా వీష్క అనే పిలుచుకుంటారు. 'వాడికి వీష్క వచ్చింది' అంటే సీటొచ్చిందో శిక్ష పడిందో సందర్భం చూసుకోవాల్సిందే.

నల్ల_సిరా | మంగళవారం, సాయంత్రం 5:20

ఇంత చర్చ ఎందుకండీ. దారుణాలు చేసినవాళ్లని కోర్టుల దాకా తీసుకెళ్లడమే దండగ. అక్కడికక్కడే ఎన్‌కౌంటర్ చేస్తే ఏ డిక్షనరీ అక్కర్లేదు.

నిర్వాహకుడు | మంగళవారం, సాయంత్రం 5:41

ఈ దారంలో విషయం భాష. శిక్ష ఉండాలా వద్దా అన్నదానికి వేరే దారాలు మూడు తెరిచి ఉన్నాయి, మూడూ మండుతూనే ఉన్నాయి. దీని కింద వచ్చిన ఆరు జవాబులు అక్కడికి పంపాను.

పాత_అనువాదకుడు | మంగళవారం, రాత్రి 8:30

నిర్వాహకుడు గారూ ధన్యవాదాలు. మళ్లీ పనిలోకి.

రష్యన్‌వాళ్లు తప్పకుండా చేసే పొరపాటు 'డెత్ వెర్డిక్ట్'. అది ఎందుకొస్తుందో చెబితే వరస మీకే దొరుకుతుంది. రష్యన్‌లో 'వెర్దిక్త్' అనే మాట ఉంది కానీ అది జ్యూరీ నోట్లోంచి మాత్రమే వస్తుంది. జడ్జి ఇచ్చేది 'ప్రిగవోర్'. దోషి అని తేల్చడం, ఇంత శిక్ష అని చెప్పడం రెండూ ఆ ఒక్క కాగితంలోనే ఉంటాయి. ఇంగ్లిష్‌లో అది మూడు ముక్కలు. దోషా కాదా చెప్పేది వెర్డిక్ట్. దోషి అని నమోదయ్యేది కన్విక్షన్. ఎంత శిక్షో చెప్పేది సెంటెన్స్. ప్రిగవోర్‌కి ఎదురుగా ఏ మాట పెట్టాలన్నది, ఆ వాక్యంలో కోర్టు ఏ మెట్టు మీద ఉందో చూస్తేనే తెలుస్తుంది.

పైగా సెంటెన్స్ అంటే వాళ్లు స్కూల్లో నేర్చుకున్నది వ్యాకరణంలో వాక్యం. 'లైఫ్ సెంటెన్స్' అంటే 'జీవిత వాక్యం' అని కవిత్వంలా అనువదించిన పిల్లని నేనెరుగుదును.

తెనాలి_ప్లీడరు | మంగళవారం, రాత్రి 9:15

మన సెషన్స్ కోర్టులో ఈ రెండు మెట్లూ కళ్లకి కట్టినట్టు కనిపిస్తాయి. దోషి అని తేల్చాక జడ్జి వెంటనే శిక్ష చెప్పకూడదు. శిక్ష విషయంలో నీకేమైనా చెప్పుకునేది ఉందా అని ముద్దాయిని అడగాలి. ఒక్కోసారి అది మర్నాటికి పోతుంది. అందుకే పేపర్లో ఒకరోజు 'దోషిగా తేల్చిన కోర్టు', ఇంకోరోజు 'శిక్ష ఖరారు' అని వస్తుంది. నాకు బాగా గుర్తుండిపోయిన దృశ్యం ఒకటుంది. హత్య కేసులో దోషి అని చెప్పాక ఆ ప్రశ్న అడిగితే, బోనులో ఉన్నాయన 'గేదె ఈనే రోజులండి' అన్నాడు. జడ్జి గారు పెన్ను కింద పెట్టి కాసేపు ఏమీ రాయలేదు. యావజ్జీవం పడింది.

ముద్దాయి అన్నాను కదా, దాని సంగతీ చెప్పనివ్వండి. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, మనం వాది అంటామే, ఆయన. ఎదుటివాడు ముద్దాలే. మన తెలుగు కోర్టుల్లోకి వచ్చేసరికి ముద్దాయి కాస్తా బోనెక్కేశాడు. ఫిర్యాదు చేసినవాడు నేరస్థుడైపోయాడన్నమాట. మాట దేశం మారితే ఇంతే. మీ పిల్లలు 'అద్వకాత్' అంటే అడ్వకేట్, 'యురీస్త్' అంటే జ్యూరిస్ట్ అనుకుంటారు కదా. మొదటిది ఫర్వాలేదు. రెండోదానికి రష్యాలో లా డిగ్రీ ఉన్న ప్రతివాడూ యురీస్తే. ఇంగ్లిష్‌లో జ్యూరిస్ట్ అంటే శాస్త్రం చూసిన పండితుడు. నన్ను ఎవరూ జ్యూరిస్ట్ అనరు, అంటే మా ఆవిడ నవ్వుతుంది.

కరీంనగర్_పోరడు | మంగళవారం, రాత్రి 10:02

నేను ఎల్‌ఎల్‌బీ ఆఖరు సంవత్సరం సార్. మాకు రాజ్యాంగం 72వ అధికరణం, గదే రాష్ట్రపతి క్షమాభిక్ష అధికారం, చెప్తుంటే పార్డన్, రిప్రీవ్, రెస్పైట్, రెమిషన్, కమ్యూట్ అని ఐదు మాటలు గడగడ చదివిన్రు. మార్కులైతే వచ్చినయి. ఏది ఏందో ఇప్పటికీ సాఫ్ లేదు. టీచర్ మేడం కోసం అడుగుతున్నట్టు నాక్కూడా చెప్పుండ్రి.

తెనాలి_ప్లీడరు | మంగళవారం, రాత్రి 10:47

పార్డన్ అంటే దోషమూ శిక్షా రెండూ తుడిచేయడం. కమ్యూట్ అంటే శిక్ష రకం మార్చడం. ఉరి పోయి యావజ్జీవం అవుతుంది, దోషి దోషిగానే ఉంటాడు. రెమిషన్‌లో రకం మారదు, కొలత తగ్గుతుంది. పదేళ్లు ఎనిమిదవుతాయి. గర్భం లాంటి ప్రత్యేక కారణం చూసి తక్కువ శిక్ష ఇస్తే రెస్పైట్. రిప్రీవ్ అంటే ఆపడం, అంతే. తీసేయడం కాదు.

మనవాళ్లకి గుర్తుండే ఉదాహరణ చిలకలూరిపేట బస్సు దహనం కేసు. 1993లో 23 మంది చనిపోయారు. ఇద్దరికి ఉరి పడింది. క్షమాభిక్ష అర్జీ ఒకసారి తిరస్కరించారు. తర్వాత కె.ఆర్. నారాయణన్ రాష్ట్రపతిగా ఉండగా అది యావజ్జీవమైంది. పేపర్లన్నీ 'క్షమాభిక్ష' అనే రాశాయి. చట్టం భాషలో అది పార్డన్ కాదు, కమ్యుటేషన్. తెలుగు మాట ఒక్కటే రెండింటినీ మోస్తోంది.

డల్లాస్_సుబ్బు | బుధవారం, తెల్లవారుజామున 2:20

రిప్రీవ్‌కి మా టెక్సస్ గవర్నర్ చక్కటి ఉదాహరణ. క్షమాభిక్ష అర్జీలు చూసే బోర్డు సిఫారసు లేకుండా ఆయన సొంతంగా చేయగలిగింది ఒక్కటే. ఒక్కసారి, ముప్పై రోజులు ఆపడం. ముప్పయ్యొకటో రోజు మళ్లీ మొదటికే. ఈ ఒక్కటి చెబితే రిప్రీవ్ మరచిపోరు.

'కమ్యూట్' సంగతేమిటంటే, ఇక్కడ రోజూ గంటన్నర కారులో ఆఫీసుకి వెళ్లేవాళ్లకి ఆ మాట ఇంకోలా వినిపిస్తుంది. రోజూ పనికి వెళ్లిరావడాన్నీ కమ్యూట్ అనే అంటారు.

పాత_అనువాదకుడు | బుధవారం, ఉదయం 6:50

రష్యా నుంచి కూడా ఒక ఉదాహరణ చేర్చుకోండి. మీ విద్యార్థులకి అదే దగ్గర. 1996లో రష్యా యూరప్ కౌన్సిల్‌లో చేరింది. ఆ ఏడాది తర్వాత రష్యా ప్రభుత్వం ఎవరికీ ఆ శిక్ష అమలు చేయలేదు. 1999 ఫిబ్రవరి 2న రాజ్యాంగ న్యాయస్థానం, అన్ని ప్రాంతాల్లోనూ జ్యూరీ విచారణ వచ్చేదాకా ఏ కోర్టూ మరణశిక్ష విధించకూడదంది. ఆ ఏడాది జూన్‌లో అధ్యక్షుడు యెల్త్సిన్ అప్పటికే శిక్ష పడి ఎదురుచూస్తున్న ఏడు వందల మందికి పైగా ఖైదీలకు దాన్ని యావజ్జీవంగానో పాతికేళ్లుగానో మార్చాడు. ఇదీ కమ్యూట్. రష్యన్‌లో మాత్రం 'పమీలవానియె' అనే అంటారు, ఇంగ్లిష్‌లో పార్డన్ అని దింపేస్తారు. ప్లీడరు గారి క్షమాభిక్ష గొడవే అక్కడా.

చివరి ప్రాంతం చెచెన్యా. అక్కడ 2010 నుంచి జ్యూరీ వస్తుందనగా, 2009 నవంబర్‌లో అదే న్యాయస్థానం నిషేధం ఇంకా కొనసాగుతుందని చెప్పింది. చట్టంలో శిక్ష ఉంది. క్రిమినల్ కోడ్ 59వ అధికరణం దాన్ని 'అసాధారణ చర్య' అంటుంది. స్త్రీలకు, పద్దెనిమిది నిండనివాళ్లకు, అరవై ఐదు దాటిన మగవాళ్లకు విధించరాదంటుంది. రాజ్యాంగం అయితే 'అది రద్దయ్యేదాకా' అని ముందే రాసి పెట్టుకుంది. రద్దు మాత్రం కాలేదు.

'అసాధారణ' దగ్గర మన సుప్రీంకోర్టు 1980లో ఇచ్చిన బచన్ సింగ్ తీర్పు గుర్తొస్తుంది. ఉరి వేయాలంటే ఆ కేసు అరుదైనవాటిల్లోకెల్లా అరుదైనదై ఉండాలని మనవాళ్లు అన్నారు. రెండు దేశాలూ ఈ మాట పలికేటప్పుడు పక్కన ఒక విశేషణం పెట్టుకోకుండా ఉండలేకపోయాయి.

ఓష్_డాక్టరు | బుధవారం, మధ్యాహ్నం 12:30

ఈ సబ్జెక్ట్‌లో కామా కథ లేకుండా ఎలాగండీ? రష్యన్ పిల్లలందరికీ తెలిసింది. 'కజ్నీత్ నెల్జ్యా పమీలవత్'. కజ్నీత్ అంటే చంపు, నెల్జ్యా అంటే కూడదు, పమీలవత్ అంటే క్షమించు. కామా మొదటి మాట తర్వాత పెడితే 'చంపండి, క్షమించకూడదు'. రెండో మాట తర్వాత పెడితే 'చంపకూడదు, క్షమించండి'. మనిషి ప్రాణం ఒక కామా మీద ఉంటుంది.

తెలుగులో ఇలాంటిది కుదురుతుందా?

కరీంనగర్_పోరడు | బుధవారం, మధ్యాహ్నం 12:48

'చంపొద్దు వదిలెయ్యి' ... కాదు, ఇది ఎటు జూసినా బతుకుడే.

తెనాలి_ప్లీడరు | బుధవారం, మధ్యాహ్నం 1:25

తెలుగులో 'వద్దు' క్రియకి అతుక్కుపోతుంది తమ్ముడూ. చంపొద్దు, క్షమించొద్దు. విడదీయలేం. క్రియ వదిలేసి పేర్లే పెట్టాలి. 'ఉరి వద్దు క్షమాభిక్ష'. ఇప్పుడు కామా మార్చి చూడండి. ఉరి వద్దు, క్షమాభిక్ష. ఉరి, వద్దు క్షమాభిక్ష.

పాత_అనువాదకుడు | బుధవారం, మధ్యాహ్నం 1:40

ప్లీడరు గారూ, శభాష్. పేపరు హెడ్డింగుల తెలుగులో మాత్రమే బతికే వాక్యం ఇది. కానీ మన పాత తాళపత్రాల్లో కామాలే లేవు. అప్పుడైతే ఆ మనిషి గతి ఏమయ్యేదో.

టీచరమ్మ | బుధవారం, రాత్రి 9:55

పాఠం ఆ కామా వాక్యంతోనే మొదలుపెడదాం అనుకున్నాను కానీ ఒక సంగతి తట్టింది. ఇంగ్లిష్‌లో ఆ వాక్యాన్ని అలా కట్టలేం. అనువదించమని ఇస్తే పావుగంట కొట్టుకుని 'రాదు' అంటారు. ఆ 'రాదు' అనిపించడం మంచిదే.

ఇంకో రెండు చూసుకున్నాను. ఒకటి, 'ఎక్యూజ్డ్ ఇన్ మర్డర్'. రష్యన్‌లో నేరం 'లో' ఆరోపిస్తారు, తెలుగులోనూ 'హత్య కేసులో నిందితుడు' అంటాం. ఇంగ్లిష్‌లో ఎక్యూజ్డ్ ఆఫ్, చార్జ్‌డ్ విత్, కన్విక్టెడ్ ఆఫ్, సెంటెన్స్‌డ్ టు. ఇది మాత్రం వల్లె వేయాల్సిందే, దారి లేదు. రెండు, డెత్ పెనాల్టీకి ముందు 'ద' కావాలి, క్యాపిటల్ పనిష్‌మెంట్‌కి వద్దు. రష్యన్‌లోనూ మనలోనూ ఈ 'ద' లేదు గనక ఇద్దరం ఒకే చోట జారుతాం.

'ప్రాసిక్యూట్' (కోర్టులో కేసు నడపడం), 'పర్సెక్యూట్' (వేధించడం) ఎలా విడదీయాలో ఇంకా తోచలేదు. రష్యన్‌లో రెండింటికీ 'ప్రెస్లేదవానియె' ఒక్కటే.

పాత_అనువాదకుడు | గురువారం, ఉదయం 6:15

దాన్ని విడదీయకండి, ముందు కలపండి. ప్రెస్లేదవానియెలో 'స్లేద్' ఉంది. స్లేద్ అంటే కాలి జాడ. జాడ పట్టుకుని వెంటాడడం. దర్యాప్తు చేసేవాణ్ని 'స్లేదవాతెల్' అనడం అందుకే. ఇటు లాటిన్‌లో 'సెక్వీ' అంటే వెంట వెళ్లడం. ప్రాసిక్యూట్, పర్సెక్యూట్ రెండూ దాని పిల్లలే. మీ మొదటి తలనొప్పి ఎగ్జిక్యూట్ కూడా దాని పిల్లే, చివరిదాకా వెంట వెళ్లడం అని. చట్టం ప్రకారం వెంటాడితే ఒకటి, మతమో అభిప్రాయమో చూసి వెంటాడితే ఇంకొకటి, ఆఖరి మెట్టు దాకా వెంటాడితే మూడోది.

కరీంనగర్_పోరడు | గురువారం, ఉదయం 8:40

ఆఖరి మెట్టు అంటే యాదికొచ్చింది. నక్సలైట్ ఉద్యమంల ఉన్న భూమయ్య, కిష్టాగౌడ్‌ను 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్ల ఉరి తీసిన్రు. ఎమర్జెన్సీ టైం. మా తాత గా దినం పొయ్యి అంటుపెట్టలేదని చెప్తడు. ఇప్పుడు గా జైలు లేదు, గాంధీ దవాఖాన ఉన్నది. మొన్న మా అత్తను చూపెట్టనీకి పోయిన, ఓపీ లైన్ల నిలబడ్డప్పుడు గిదంతా తలకాయలో తిరిగింది. భాష ముచ్చట కాదు, ఏమనుకోవద్దు.

నిర్వాహకుడు | గురువారం, ఉదయం 9:05

ఉండనివ్వండి.

టీచరమ్మ | శనివారం, రాత్రి 10:30

పాఠం అయింది. రెండు గంటలు పట్టింది.

ప్లీడరు గారూ అనువాదకుడు గారూ చెప్పిన మెట్ల ప్రకారమే, పట్టిక లేకుండా ఒక కేసును అరెస్టు దగ్గర నుంచి చివరిదాకా నడిపించాను. ప్రతి మెట్టు దగ్గరా 'ఇప్పుడు ఇతన్ని ఏమంటారు?' అని అడిగాను. సస్పెక్ట్, ఎక్యూజ్డ్, డిఫెండెంట్, కన్విక్ట్. రష్యన్‌లోనూ ప్రతి మెట్టుకీ వేరే మాటుంది గనక ఇక్కడ హాయిగా నడిచారు. ప్రిగవోర్ దగ్గర అనుకున్నట్టే ఆగారు. 'వెర్డిక్ట్ ఇన్ ద మార్నింగ్, సెంటెన్స్ ఇన్ ద ఆఫ్టర్‌నూన్' అని మాస్కో అబ్బాయే సొంతంగా ఒక గుర్తు కట్టుకున్నాడు. తెనాలి గేదె కథ కూడా చెప్పాను, ప్లీడరు గారు క్షమించాలి.

చివర్లో ఒక పని ఇచ్చాను. ఎవరి దేశం గురించి వాళ్లు ఒక్క వాక్యం రాయాలి, క్రియ సరిగ్గా పడాలి. అల్మాటీ అమ్మాయి 'కజకిస్తాన్ అబాలిష్డ్ ద డెత్ పెనాల్టీ ఇన్ 2021' అని టక్కున రాసింది. 'ద' కూడా పెట్టింది. మాస్కో అబ్బాయి మొదట అబాలిష్డ్ (రద్దు చేశారు) రాసి, కొట్టేసి, 'సస్పెండెడ్' (ఆపి ఉంచారు) అన్నాడు. తర్వాత అదీ కాదేమో, మొరటోరియం అనాలా అని అడిగాడు. 2024 మార్చిలో మాస్కో శివార్లలో క్రోకస్ హాలు మీద దాడి జరిగాక, నిషేధం ఎత్తేయాలని అక్కడ పెద్ద చర్చే నడిచింది. వాళ్లింట్లో భోజనాల బల్ల దగ్గర ఇంకా తెగలేదట. 'ఏ రోజైనా తీసేయొచ్చు కాబట్టి సస్పెండెడ్డే కరెక్ట్' అని తనే తేల్చుకున్నాడు.

మిన్స్క్ ఆవిడ చాలాసేపు టైపు చేసి చెరిపి, టైపు చేసి చెరిపి, 'బెలారుస్ రిటెయిన్స్ ద డెత్ పెనాల్టీ' అని పెట్టింది, అంటే ఇంకా ఉంచుకుందని. ఐరోపాలో ఇప్పటికీ అమలు చేస్తున్నది ఆ ఒక్క దేశమే. నేను బాగుంది అన్నాను. కాసేపాగి ఆవిడ ఇంకో వాక్యం రాయాలి, క్రియ కావాలి అంది. అక్కడ శిక్ష ఎప్పుడు అమలు చేస్తారో ఇంట్లోవాళ్లకి ముందు చెప్పరు, శవాన్ని ఇవ్వరు, ఎక్కడ పూడ్చారో చెప్పరు. 'ఇవ్వరు' అన్నదానికి ఇంగ్లిష్‌లో ఏమంటారని.

'ద బాడీ ఈజ్ నాట్ రిలీజ్డ్ టు ద ఫ్యామిలీ' అని చెప్పాను. ఆవిడ రాసుకుంటూ ఆగి, 'రిలీజ్ అంటే జైలు నుంచి వదలడం కదా?' అంది. అవును, అదే మాట అన్నాను. ఆవిడ మైకు ఆపేసుకుంది. మిగతా ఇద్దరూ ఏమీ అనలేదు. నేనూ ఏం చెప్పాలో తెలియక, టైమైంది కదా అని క్లాసు ముగించేశాను.

తెనాలి_ప్లీడరు | శనివారం, రాత్రి 11:10

'మృతదేహాన్ని బంధువులకు అప్పగించారు' అని మన పేపర్లో రోజూ చదివే వాక్యమే. ఎప్పుడూ ఆగి చూడలేదమ్మా.

ఓష్_డాక్టరు | ఆదివారం, ఉదయం 8:00

ఆవిడ మళ్లీ క్లాసుకి వచ్చారా?

టీచరమ్మ | ఆదివారం, సాయంత్రం 6:45

క్లాసు మంగళవారం. కానీ పొద్దున్నే హోంవర్క్ పంపారు. కమ్యూట్ మీద ఇచ్చిన పది వాక్యాల్లో తొమ్మిది సరిగ్గా ఉన్నాయి. పదో దాంట్లో 'ఐ కమ్యూట్ టు వర్క్ బై మెట్రో' అని రాసి, పక్కన నవ్వు బొమ్మ పెట్టారు.